చంకలో గడ్డ, నోట్లో తెల్లపూత, పెరగని బరువు: మా అక్క రెండో బాబు గురించి సలహా కావాలి

భీమవరం_పిన్ని · జూన్ 3, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఎక్కడ అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మా అక్క రెండో బాబుకు ఇవాళ్టికి 67 రోజులు. పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు, ఇప్పుడు 3 కిలోల 400. పుట్టిన మర్నాడే ఎడమ చేతికి బీసీజీ టీకా వేశారు. నెల తర్వాత పొక్కు వచ్చింది. అది అందరికీ వచ్చేదే అన్నారు, సరే అనుకున్నాం. కానీ అది మానలేదు. పది రోజులుగా చీము కారుతోంది. ఎడమ చంకలో గడ్డ మొదట రేగిపండంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నోట్లో తెల్లపూత. చుక్కల మందు వేస్తే రెండు రోజులు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. పాలు తాగుతూ తాగుతూ ఏడ్చేసి వదిలేస్తాడు.

మా భయం వేరే ఉంది. అక్క మొదటి బాబు ఐదో నెలలో న్యుమోనియా అని 19 రోజులు ఐసీయూలో ఉండి పోయాడు. వాడికీ ఇదే తెల్లపూత. మాకు బాగా గుర్తు.

అమ్మ పక్షిదోషం అని తాయెత్తు కట్టించింది. బావ మా మేనత్త కొడుకే, కాబట్టి ఊళ్లోవాళ్లు మేనరికం వల్లే అంటున్నారు. అక్క ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. ఇక్కడి డాక్టరు గారు గడ్డ కోసి చీము తీద్దాం అన్నారు. చేయించమంటారా, ఆగమంటారా?

గుంటూరు_అమ్మ · జూన్ 4, ఉదయం 5:52

అమ్మా, నీ పోస్టు చదివాక నిద్ర పట్టలేదు. నేను డాక్టర్ని కాదు, ఒక పిల్లాడి తల్లిని. ఒక్క మాట మాత్రం ఈరోజే మీ డాక్టరు గారికి చెప్పండి: "మొదటి బాబు కూడా ఇలాగే పోయాడు, ఈ బాబుకు ఇమ్యూనిటీ పరీక్షలు చేయించాలా?" అని. ఈ మాట మనంతట మనం చెప్పకపోతే వాళ్లకు తెలియదు. మా వాడి విషయంలో నేను చెప్పలేదు, నాలుగేళ్లు పోయాయి. మా సంగతి తర్వాత రాస్తాను. ముందు వరంగల్ డాక్టరు గారు చూస్తే బాగుండు.

వరంగల్_పిల్లల_డాక్టర్ · జూన్ 4, ఉదయం 7:15

పోస్టు చూశాను. బిడ్డను చూడకుండా జబ్బు పేరు చెప్పడం తప్పు, కాబట్టి ఏం చేయాలో మాత్రమే చెబుతాను.

బీసీజీ వేసిన వైపు చంకలో చిన్న గడ్డ ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ కొందరికి వస్తుంది, చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ఇది చదివే మిగతా తల్లిదండ్రులు అందుకని కంగారు పడొద్దు. క్షయ తీవ్రంగా రాకుండా కాపాడే టీకా అది, మన పిల్లలకు అవసరం. కానీ ఈ బాబులో గడ్డ ఒక్కటే లేదు. టీకా పుండు మానడం లేదు, తెల్లపూత తగ్గడం లేదు, బరువు పెరగడం లేదు, అన్నింటికీ మించి అన్న పసితనంలోనే పోయాడు. ఈ నాలుగూ కలిస్తే స్కిడ్ అనే జబ్బు ఉందా లేదా అని చూడాల్సిందే. పుట్టుకతోనే వ్యాధినిరోధక శక్తి దాదాపు లేకపోవడం అది. బీసీజీలో ఉండేది బలహీనపరిచిన బతికున్న క్రిమి. మామూలు బిడ్డ ఒంట్లో అది చేతి దగ్గరే ఆగిపోతుంది. ఈ బిడ్డల్లో ఆపేవాళ్లు లేరు, ఒళ్లంతా పాకుతుంది.

ఈరోజే చేయాల్సినవి. మామూలు సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించండి. ఛాతీ ఎక్స్‌రే తీయించి థైమస్ (వ్యాధినిరోధక కణాలు తయారయ్యే గ్రంథి) నీడ ఉందా అని అడగండి. పసిపిల్లల్లో గుండె పైన ఆ నీడ పెద్దగా కనిపించాలి. గడ్డ కోయడానికి తొందర పడొద్దు. రోటావైరస్ చుక్కలు, పోలియో చుక్కలు ఆపండి, అవి కూడా బతికున్న వైరస్‌తో చేసినవే. ఇంట్లో వేరే పసిపిల్లలుంటే వాళ్లకూ పోలియో చుక్కల బదులు ఇంజెక్షన్ వేయించే సంగతి అడగండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి. మామూలు రక్తంలోని దాత తెల్లకణాలు ఈ బిడ్డ ఒంట్లో చేరితే బిడ్డ శరీరం మీదే దాడి చేస్తాయి. దగ్గరి చుట్టాల రక్తమైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. "మా తమ్ముడిదీ అదే గ్రూపు" అని ఎవరైనా ముందుకొచ్చినా వద్దనండి.

మూలికా_మిత్రుడు · జూన్ 4, ఉదయం 9:30

అమ్మా, మందులతో పసివాణ్ని హింస పెట్టకండి. తిప్పతీగ రసం, తేనె కలిపి నాకిస్తే రోగనిరోధక శక్తి పెరుగుతుంది. మా ఇంట్లో అందరం వాడతాం.

వరంగల్_పిల్లల_డాక్టర్ · జూన్ 4, ఉదయం 9:48

మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె ఎవరూ పెట్టకూడదు. బాటులిజం అనే విషజబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఇక శక్తి పెంచడం గురించి. తోడు ఎంత మంచిదైనా పాలు లేనిదే పెరుగు కాదు కదా. ఈ బిడ్డల్లో పెంచడానికి అసలు కణాలే లేవు. దయచేసి ఈ చర్చలో అలాంటివి రాయకండి.

ల్యాబ్_కరీంనగర్ · జూన్ 4, మధ్యాహ్నం 1:05

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, పద్నాలుగేళ్లుగా ఇదే పని. పిన్ని గారూ, సీబీపీ రిపోర్టు వచ్చాక ఇలా చూడండి. టోటల్ డబ్ల్యూబీసీ అని ఒక అంకె ఉంటుంది, అంటే మొత్తం తెల్లకణాలు. కింద వాటిలో లింఫోసైట్లు అనే రకం ఎంత శాతమో ఉంటుంది. రెండింటినీ గుణించండి. ఉదాహరణకు మొత్తం 8,000, లింఫోసైట్లు 50 శాతం అయితే 4,000. పసిబిడ్డకు ఈ లెక్క 3,000 లోపు వస్తే అనుమానించాలి.

చాలా ల్యాబుల్లో రిపోర్టు పక్కన అచ్చయ్యే నార్మల్ విలువలు పెద్దవాళ్లవి, లింఫోసైట్లు 20 నుంచి 40 శాతం అని ఉంటాయి. రెండు నెలల బిడ్డకు సగానికి పైగా ఉండటమే మామూలు. అందుకే 25 శాతం వచ్చినా కాగితం మీద ఎర్ర గుర్తు పడదు, ఎవరి కన్నూ ఆగదు. నేనూ ఎన్నో ఏళ్లు అలాగే చూసి సంతకం పెట్టాను.

మొదటి బాబు రిపోర్టులు దాచారా? ఉంటే ఇదే లెక్క వేసి చూడండి.

భీమవరం_పిన్ని · జూన్ 4, రాత్రి 10:20

పరీక్ష చేయించాం. మొత్తం 6,400. లింఫోసైట్లు 11 శాతం. 704 వచ్చింది. మూడుసార్లు గుణించాను, అదే వస్తోంది. ఎక్స్‌రేలో థైమస్ నీడ కనిపించలేదు అన్నారు.

మొదటి బాబు కాగితాలు బీరువాలో అక్క పెళ్లిచీర కింద ప్లాస్టిక్ కవర్‌లో ఉన్నాయి. పోయాక ఎవరం తీయలేదు. అక్క నిద్రపోయాక బావా నేనూ వంటింట్లో కూర్చుని చూశాం. ఏడు రిపోర్టులు. 980, 860, 720, 650, అలా తగ్గుతూ వచ్చాయి. ఒక్కదాంట్లోనూ వెయ్యి దాటలేదు. ఏడింటిలోనూ ఉంది. బావ ఏమీ అనలేదు, ఆ కాగితాలు వరసగా పేర్చి మళ్లీ కవర్‌లో పెట్టాడు.

వరంగల్_పిల్లల_డాక్టర్ · జూన్ 4, రాత్రి 10:41

రేపు ఉదయమే బయల్దేరండి. లింఫోసైట్ సబ్‌సెట్ పరీక్ష కావాలి, ఫ్లో సైటోమెట్రీ అంటారు. లింఫోసైట్లలో రకాలైన టీ కణాలు, బీ కణాలు, ఎన్‌కే కణాలు విడివిడిగా లెక్కపెడతారు. ఆ కవర్ మొత్తం వెంట తీసుకెళ్లండి. అందులో అన్న ఇచ్చిన సాక్ష్యం ఉంది. నా నంబరు మీకు ప్రైవేటు సందేశంలో పంపాను, ఎప్పుడైనా చేయండి.

ల్యాబ్_కరీంనగర్ · జూన్ 4, రాత్రి 10:58

శాంపిల్ ఊదారంగు మూత ట్యూబులో తీస్తారు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గది వేడిమిలోనే ఉంచి అదే రోజు ల్యాబుకు చేరాలి. శనివారం సాయంత్రం తీస్తే ఆదివారం ఎవరూ చేయరు, కణాలు చచ్చిపోతాయి. రేపు గురువారం, మంచిదే.

పెద్దాపురం_మాస్టారు · జూన్ 5, ఉదయం 6:30

అమ్మాయీ, దేవుడు చల్లగా చూడాలి. కానీ పెద్దవాడిగా ఒక మాట. మేనరికాలు మానమని ముప్పయ్యేళ్లు బడిలో చెప్పాను. ఇప్పటికైనా మన వాళ్లు వినాలి.

వరంగల్_పిల్లల_డాక్టర్ · జూన్ 5, మధ్యాహ్నం 2:10

మాస్టారూ, మీరు బడిలో చెప్పింది నిజమే. భార్యాభర్తలిద్దరిలో ఒకే లోపం ఉన్న జన్యువు దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. స్కిడ్‌లో కొన్ని రకాలు అలాగే వస్తాయి. కానీ అన్నీ కాదు. ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యువులో లోపం వల్ల వచ్చే రకం కూడా ఉంది. అది తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది, మేనరికంతో సంబంధం లేదు.

పిన్ని గారూ, అందుకే ఒకటి అడుగుతున్నాను. మీ అమ్మగారి వైపు చిన్నప్పుడే పోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా?

భీమవరం_పిన్ని · జూన్ 5, రాత్రి 9:15

అమ్మను అడిగాను. అమ్మమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి ఒకడు మూడో నెలలో, ఒకడు ఏడో నెలలో పోయారట. "ఆ రోజుల్లో పోయేవాళ్లే" అంది. తర్వాత కాసేపటికి వచ్చి, "వాళ్లకీ నోట్లో తెల్లపూత ఉండేదని మా అమ్మ చెప్పేది" అంది. తాయెత్తు తనే విప్పేసింది.

డాలస్_తల్లి · జూన్ 6, ఉదయం 8:00

నేను టెక్సస్ నుంచి రాస్తున్నాను, మాది తెనాలి. మా బాబుకూ స్కిడ్. ఇక్కడ పుట్టిన బిడ్డ మడమ మీద గుచ్చి నాలుగు చుక్కల రక్తం అట్ట మీద తీసుకుంటారు. అందులో ట్రెక్ అనే పరీక్ష కూడా ఉంటుంది. కొత్త టీ కణాలు తయారవుతున్నాయా లేదా అని అది చెబుతుంది. 2008లో విస్కాన్సిన్ రాష్ట్రం మొదలుపెట్టింది, 2018 చివరికల్లా అన్ని రాష్ట్రాల్లోనూ వచ్చేసింది. మా బాబుకు ఎనిమిదో రోజున ఫోన్ వచ్చింది. అప్పటికి వాడికి జలుబు కూడా లేదు. అమెరికాలో బీసీజీ వేయరు కాబట్టి ఆ బాధ కూడా లేదు. మూడో నెల నిండకముందే మూలకణ మార్పిడి (రక్తకణాలను పుట్టించే మూలకణాలను దాత నుంచి తీసి ఎక్కించడం) అయింది. ఇప్పుడు కిండర్‌గార్టెన్‌కు వెళ్తున్నాడు.

హ్యూస్టన్‌లో 1971లో పుట్టిన డేవిడ్ వెటర్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ప్లాస్టిక్ గుడారంలో పన్నెండేళ్లు బతికాడు. 1984లో పోయాడు. వాణ్ని పుట్టిన క్షణాల్లోనే ఎందుకు గుడారంలో పెట్టగలిగారంటే, వాడికంటే ముందు పుట్టిన అన్న ఇదే జబ్బుతో ఏడు నెలలకే పోయాడు. అన్న పోవడం వల్లే తమ్ముడి సంగతి ముందే తెలిసింది. పిన్ని గారూ, మీ బీరువాలోని కవర్ గురించి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

గుంటూరు_అమ్మ · జూన్ 7, సాయంత్రం 4:30

మా సంగతి రాస్తానన్నాను కదా. మా వాడిది స్కిడ్ కాదు, ఎక్స్ఎల్ఏ. బీ కణాలు లేవు, అందుకని యాంటీబాడీలు తయారు కావు. 1952లో అమెరికా సైనిక వైద్యుడు బ్రూటన్ మొదట కనిపెట్టాడట, జన్యువు 1993లో దొరికింది. ఆరు నెలల దాకా బొద్దుగా ఉన్నాడు, ఎందుకంటే కడుపులో ఉన్నప్పుడు నా యాంటీబాడీలు వాడికి వచ్చాయి. అవి అయిపోయాక మొదలైంది. చెవిలో చీము, న్యుమోనియా, మళ్లీ చెవి. నాలుగో ఏట ఒక డాక్టరమ్మ టార్చి వేసి గొంతు చూసి, "ఈ బాబుకు టాన్సిల్స్ ఏవి?" అని అడిగింది. అప్పటిదాకా వాడి గొంతు చూసినవాళ్లందరూ ఎర్రగా ఉందా అనే చూశారు గానీ, టాన్సిల్స్ ఉన్నాయా లేదా అని చూడలేదు. బీ కణాలు లేకపోతే టాన్సిల్స్ పెరగవట.

ఇప్పుడు పదకొండేళ్లు. ప్రతి 21 రోజులకు ఐవీఐజీ ఎక్కించాలి. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు అవి. కిలో బరువుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు అంటారు. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోయేదాకా ఆగాలి. కుదపకూడదు, నురగ వస్తుంది. మొదటి అరగంట బొట్టు బొట్టుగా పెట్టి జ్వరం, చలి ఉన్నాయా అని చూస్తారు. వాడు ఆ నాలుగైదు గంటలు లెక్కలు చేసుకుంటాడు. ఎడమ చేతికే సూది పెట్టమంటాడు, కుడి చేత్తో బౌలింగ్ వేయాలి కదా మరి.

పిన్ని గారూ, నేను చెప్పొచ్చేదేమంటే ఈ జబ్బులు నాలుగువందల యాభైకి పైనే ఉన్నాయి, ఒక్కోదానికి దారి ఒక్కోటి. మా వాడికి సీసా చాలు. మీ వాడికి చాలదు. చండీగఢ్ పీజీఐలో పిల్లల ఇమ్యూనాలజీకి ప్రత్యేక విభాగం ఉంది, ముంబయిలో ఎన్ఐఐహెచ్ అనే పరిశోధన సంస్థ ఉంది, అవసరమైతే మీ డాక్టర్లను వాళ్లతో మాట్లాడమనండి.

భీమవరం_పిన్ని · జూన్ 9, రాత్రి 8:05

రిపోర్టు వచ్చింది. టీ కణాలు దాదాపు లేవు. ఎన్‌కే కణాలూ లేవు. బీ కణాలు ఉన్నాయి. స్కిడ్ అనే అన్నారు. చెన్నైలో ఒక ఆస్పత్రిలో చూస్తామన్నారు, ఎల్లుండి వెళ్తున్నాం. బీసీజీ క్రిమి కాలేయానికి కూడా పాకిందేమో అంటున్నారు. డబ్బు ఎలాగో తెలియడం లేదు.

కొత్తగూడెం_నాన్న · జూన్ 9, రాత్రి 9:30

చెల్లీ, మా పాపకు మార్పిడి అయ్యి నాలుగేళ్లయింది. సగం మ్యాచింగ్‌తో నేనే ఇచ్చాను. ఇప్పుడు చెప్పేవి రాసుకో.

బీసీజీ ఇన్ఫెక్షన్‌కు క్షయ మందులు మొదలుపెడతారు. వాటిలో పైరజినమైడ్ ఉండదు, బీసీజీ క్రిమి మీద అది పనిచేయదు. ఎవరైనా పొరపాటున రాస్తే అడగండి. పాలు పట్టే విషయం కూడా అడగండి, తల్లికి సీఎంవీ అనే వైరస్ ఉంటే పాల ద్వారా వస్తుంది. మీ అక్కకు ఈ మాట నువ్వే మెల్లగా చెప్పు, డాక్టరు నోట ఒక్కసారిగా వింటే తట్టుకోవడం కష్టం. మా ఆవిడ ఆ రోజు బాత్రూమ్‌లో కూర్చుని పాలు పిండి పారబోసింది, గంటసేపు బయటికి రాలేదు.

డబ్బు. కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది. ఒక్కసారి చికిత్సతో నయమయ్యే జబ్బుల జాబితాలో స్కిడ్ ఉంది. 2022లో సాయం పరిమితి 50 లక్షలకు పెంచారు. గుర్తించిన కేంద్రాల ద్వారానే వెళ్లాలి, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఆ కేంద్రం. దరఖాస్తు ఈ వారమే పెట్టండి, కానీ దాని కోసం చికిత్స ఆపొద్దు. సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్‌వోసీకి (డబ్బు కడతామని సర్కారు ఇచ్చే హామీ పత్రం) ఆస్పత్రి ఎస్టిమేషన్ ఒరిజినల్ అడుగుతారు, రెండు మూడు ఒరిజినల్స్ సంతకాలతో తీసుకో. నేను ఒక్కటే తీసుకుని రెండుసార్లు తిరిగాను.

భీమవరం_పిన్ని · జూన్ 22, రాత్రి 11:10

చెన్నైలో ఉన్నాం. మందులు మొదలయ్యాయి. అన్నయ్యా, నువ్వు చెప్పినట్టే పాల సంగతి నేనే చెప్పాను. అక్క నావైపు చూడలేదు. "వాడు బతికితే చాలు" అంది.

నిజం చెప్పండి డాక్టరు గారూ. అవకాశం ఎంత?

వరంగల్_పిల్లల_డాక్టర్ · జూన్ 22, రాత్రి 11:35

నిజమే చెబుతాను. అమెరికా, కెనడా కేంద్రాల్లో 2000 నుంచి 2009 దాకా మార్పిడి జరిగిన 240 మంది పిల్లల లెక్కలు 2014లో వచ్చాయి. మూడున్నర నెలలలోపు చేసినవాళ్లలో 94 శాతం మంది ఐదేళ్లు దాటారు. ఆ వయసు దాటి, చేసే సమయానికి ఇన్ఫెక్షన్ తగ్గకుండా ఉన్నవాళ్లలో సగం మందే. అందుకే మీ డాక్టర్లు ముందు బీసీజీని అదుపులోకి తెస్తున్నారు. వాళ్లు ఆలస్యం చేస్తున్నారని అనుకోకండి. ఆ అంకె ఎవరో పిల్లలది. మీ వాడి అంకె రోజూ వాళ్లు చూసే చార్టులో ఉంటుంది.

భీమవరం_పిన్ని · జూలై 4, మధ్యాహ్నం 3:20

జన్యుపరీక్ష రిపోర్టు వచ్చింది. ఐఎల్2ఆర్‌జీ జన్యువు, ఎక్స్ క్రోమోజోమ్. తల్లి వైపు నుంచి వచ్చింది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదని కాగితం మీద రాసి ఇమ్మని బావ అడిగాడు. డాక్టరమ్మ రాసిచ్చింది. బావ దాన్ని ఊళ్లో మా మేనత్తకు ఫోన్‌లో చదివి వినిపించాడు. తర్వాత అక్క "అంటే నా వల్లే కదా" అంది. బావ, "నీ వల్ల కాదు, నీ గుండా వచ్చింది. అమ్మమ్మ గుండా వచ్చింది. ఆవిడకు తెలుసా?" అన్నాడు.

నన్నూ పరీక్ష చేయించుకోమన్నారు. నాకూ ఉండే అవకాశం సగం. మార్గశిరంలో పెళ్లి అనుకున్నాం.

భీమవరం_పిన్ని · జూలై 23, ఉదయం 6:00

నిన్న మార్పిడి అయింది. బావే దాత. ఇంత హడావుడి చేస్తే చివరికి ఒక చిన్న సంచి, టమాటా రసంలా ఉంది, గంటన్నరలో ఎక్కిపోయింది. వాడు నిద్రపోతూనే ఉన్నాడు.

గుంటూరు_అమ్మ · జూలై 23, ఉదయం 6:20

దేవుడా. ఇవాళ మా వాడికి సీసా రోజు. వాణ్ని కూడా దణ్ణం పెట్టుకోమన్నాను.

భీమవరం_పిన్ని · ఆగస్టు 30, రాత్రి 9:45

మార్పిడి అయ్యాక 39వ రోజు. మధ్యలో జ్వరాలు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, రెండుసార్లు మళ్లీ ఐసీయూ. రాసే ఓపిక లేక రాయలేదు. ఇవాళ టీ కణాలు 212. సున్నా నుంచి 212. అందులో చాలావరకు బావ కణాలే. బీ కణాలు పనిచేయకపోతే ఐవీఐజీ ఇంకా ఎన్నాళ్లో ఇవ్వాలి అంటున్నారు. గుంటూరు అక్కా, నురగ రాకుండా సీసా ఎలా పట్టుకోవాలో అక్కకు చూపించాను. చంకలో గడ్డ తగ్గుతోంది, ఇంకా ఉంది. బరువు 4 కిలోల 650.

నా రిపోర్టు కూడా వచ్చింది. నాలోనూ ఉంది. పెళ్లికొడుక్కి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బిడ్డకు ఉందో లేదో ఎన్నో నెలలో తెలుస్తుంది?" అని అడిగారు.

వరంగల్_పిల్లల_డాక్టర్ · ఆగస్టు 30, రాత్రి 10:10

ఆయనకు చెప్పండి. గర్భం వచ్చిన 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి చూడొచ్చు. అది వద్దనుకుంటే పుట్టగానే బొడ్డుతాడు రక్తంతో చూడొచ్చు. ఆడపిల్లకు ఈ జబ్బు రాదు, మగపిల్లాడికి వచ్చే అవకాశం సగం. ఇద్దరూ కలిసి ఒకసారి జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి.

ఒంగోలు_37 · సెప్టెంబర్ 11, రాత్రి 1:15

ఈ చర్చ మొదటి నుంచి చదివాను. నాకు 34వ వారం. మా మొదటి బాబు ఆరో నెలలో సెప్టిక్ అయ్యి పోయాడు. అప్పుడు ఎవరూ ఏ పరీక్షా చెప్పలేదు. కాగితాలు ఉన్నాయో లేదో తెలియదు. ఇప్పుడు నేనేం చేయాలి?

భీమవరం_పిన్ని · సెప్టెంబర్ 11, రాత్రి 1:32

మెలకువగానే ఉన్నాను అక్కా, ఇవాళ నా వంతు, వాడి పక్కనే ఉన్నాను. రేపు మీ డెలివరీ డాక్టరు గారి దగ్గరకూ, పిల్లల డాక్టరు గారి దగ్గరకూ వెళ్లి బాబు సంగతి మొత్తం చెప్పండి. మీ ఫైల్ మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రాయించండి: మొదటి బాబు ఆరో నెలలో పోయాడు, బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు రక్తంతో సీబీపీ, లింఫోసైట్ సబ్‌సెట్, ఆ రిపోర్టు వచ్చేదాకా బీసీజీ, పోలియో చుక్కలు వద్దు. నర్సులు డ్యూటీ మారుతుంటారు, పుట్టిన మర్నాడు పొద్దున్నే టీకాల ట్రే వస్తుంది. కాబట్టి బిడ్డ పక్కన ఎవరు ఉంటారో వాళ్లకు కూడా ఇది చెప్పి ఉంచండి. మీ అమ్మ ఉంటారా? ఆవిడను కూడా రేపు వెంట తీసుకెళ్లండి. మీ పుట్టింటి వైపు పసితనంలో పోయిన మగపిల్లల గురించి ఆవిడనే అడగాలి.